అస్తరు వేసిన ఆకాశం

కైరోలో జువైలా ద్వారం అవతల, ఆడపిల్లల ఉన్నత పాఠశాల మూడో అంతస్తులో, ఒక మంగళవారం పొద్దున పదిన్నరకి భూమి లాగడం మానేసింది. మానిపించినవాడు మొఆవద్ అనే పందిళ్ల మేస్త్రీ. ఏడు నిమిషాలపాటు ఆ గదిలో నాలుగు కిలోల ఇనప గుండుకి బరువు లేదు.

ఏడు కాదు, నాలుగు అనుకోండి. గడియారం చూసినవాళ్లెవరూ లేరు. బరువు లేదన్నది కూడా కాస్త పెంచి చెప్పిన మాటే. గుండు గాల్లోకి లేచిందనీ, కిటికీలోంచి పావురం వచ్చి దానికింద దూరిందనీ ఆ వీధిలో చెప్పేవాళ్లున్నారు. అది పచ్చి అబద్ధం, నమ్మకండి. గుండు లేవలేదు. దిగాల్సిన చోట దిగలేదు, అంతే. దానికి ముప్ఫై ఎనిమిదిమంది ఆడపిల్లలూ, ఒక టీచరూ, విద్యాశాఖ నుంచి వచ్చిన తనిఖీ అధికారీ సాక్ష్యం.

మొఆవద్ వేసేది చావు పందిళ్లు. పెళ్లిళ్లకీ పిలుస్తారు గానీ వాటి మీద అతనికి పెద్ద గౌరవం లేదు. పెళ్లికొచ్చినవాళ్లు దీపాలు చూస్తారు, పెళ్లికూతుర్ని చూస్తారు, పళ్లేల్లో ఏముందో చూస్తారు. గుడ్డని ఎవడు చూస్తాడు? చావింటి ముందు కూర్చున్నవాళ్లకి మూడు రోజులు పైకి చూడటం తప్ప పనుండదు. షేక్ ఖురాన్ చదువుతుంటాడు. చక్కెర లేని కాఫీ చేతికొస్తుంది. పైకప్పు గుడ్డ మీద కుట్టిన ఎర్ర పువ్వులూ నీలం చుక్కలూ లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు. ఆ గుడ్డ ఎక్కడన్నా ఆవు పొట్టలా వేలాడిందా, ఇక వాళ్లకి ఆ వారమంతా అదే మాట.

మొఆవద్ పందిరి వేలాడదు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక్కసారీ వేలాడలేదు. గుడ్డ కట్టడం అయ్యాక కింద నుంచుని జేబులోంచి నిమ్మకాయ తీసి పైకి విసురుతాడు. 'టప్' మని డప్పు మీద దెబ్బలాంటి చప్పుడు చేసి తిరిగి చేతిలోకి రావాలి. చప్పుడు మెత్తగా వచ్చిందా, తాళ్లన్నీ విప్పి మళ్లీ మొదలు. ఇంకొకటి, ప్రతి గుడ్డకీ కింద మందపాటి అస్తరు ఉండి తీరాలి. అస్తరు లేనిదాన్ని, అతని దుకాణమున్న గుడారాల వీధిలో, గుడ్డగా లెక్కవెయ్యరు.

అతని భార్య ఇన్షిరా ఆ ఆడపిల్లల బడిలో ఇరవై రెండేళ్లు ఆయాగా చేసింది. తూబా నెల చలిలో ఒక గురువారం మధ్యాహ్నం బెండకాయ కూర పొయ్యి మీద పెట్టి, ఉడికేలోపు కాళ్లు నొప్పులని కుర్చీలో కూర్చుంది. మళ్లీ లేవలేదు. ఆమె పందిరి మొఆవద్ తనే వేశాడు. ఎవర్నీ తాడు ముట్టనివ్వలేదు. నిమ్మకాయ విసిరాడు, టప్‌మంది. వచ్చినవాళ్లంతా "ఆమెకి తగ్గిన ఆయుష్షు నీకు కలవాలి" అన్నారు, పైకి చూశారు, ఇంత చక్కటి పందిరి చూడలేదన్నారు. అతను ఏడవలేదు. ఏడుపు ఎక్కడో ఉండి ఉంటుందని లోపల వెతికాడు గానీ కనిపించలేదు.

ఆ తర్వాత కొన్ని విషయాలు అతనికి తెలియడం మానేశాయి. టీ వేడిగా ఉందని తెలిసేది, తీపని తెలిసేది కాదు. ఎవరన్నా మాట్లాడితే గోడకి అవతల నుంచి వచ్చినట్టుండేది. బరువు అసలే తెలిసేది కాదు. ఇద్దరు మోసే పందిరి కర్రల మోపు భుజాన వేసుకుని మెట్లు దిగిపోయేవాడు.

"ఒరేయ్, నడుం విరుగుద్దిరా!" అని కేకేసేవాడు బరకాత్. చిన్నప్పట్నుంచీ ఒకే దుకాణంలో పనిచేస్తున్న జతగాడు. "నీలో జిన్ను ఏమన్నా దూరిందేంట్రా?"

"ఏం, బరువా?"

"బరువా అంటావేంటి! నాకు చూస్తుంటేనే గూడ జారుతోంది."

"నాకేం తెలీట్లేదు" అనేవాడు మొఆవద్. అది గొప్పకి అన్నది కాదు.

ఇన్షిరా పోయిన నలభయ్యో రోజు దాటిన రెండు రోజులకి, బడి వదిలే వేళకి, ఆ బడిలో భౌతికశాస్త్రం చెప్పే నజ్లా టీచర్ దుకాణానికి వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్లుంటాయి. చంకలో ఒక నల్ల గుడ్డ చుట్ట.

"మొఆవద్ బాబాయ్, ఇన్షిరా ఆయా నాకో మాటిచ్చింది. మీరు నాకో చట్రం కట్టిపెడతారని."

"నాతో అనలేదే."

"ముందే చెబితే కాదంటారు, రోజు దగ్గరపడ్డాక చెబుతానంది."

ఇన్షిరా పద్ధతి అంతే. మొఆవద్ తల ఊపాడు.

నజ్లా గుడ్డ పరిచింది. బరకాత్ ఒక మూల పట్టుకుని లాగాడు. అది మూరెడు సాగింది. ఉలిక్కిపడి వదిలేశాడు.

"ఇదేం గుడ్డ తల్లీ, రబ్బరా?"

"ఈత దుస్తులు కుడతారు చూడండి, ఆ గుడ్డ."

"అల్లా క్షమించుగాక!" అని బరకాత్ చెయ్యి జుబ్బాకి తుడుచుకున్నాడు. తుడుచుకున్నాక మళ్లీ ఇంకోసారి లాగి చూశాడు.

"భూమి వస్తువుల్ని ఎందుకు లాగుతుందో పిల్లలకి దీనిమీద చూపించాలి" అంది నజ్లా.

"చూపించేదేముంది? వదిలేస్తే పడుద్ది."

"ఎందుకు పడుతుంది, బరకాత్ బాబాయ్? వెనకటి గ్రీకు పండితులు, రాయికి సొంతచోటు నేల, అందుకని అది ఇంటికి పోతుందన్నారు."

"సరిగ్గా చెప్పారు. మా బావమరిది కూడా అంతే, ఎక్కడ వదిలినా భోజనం వేళకి మా ఇంటికే చేరతాడు."

నజ్లా నవ్వింది. "తర్వాత ఇంకొకాయన వచ్చి, కాదు, భూమికీ రాయికీ మధ్య ఒక లాగుడుందన్నాడు. దూరం రెట్టింపైతే లాగుడు నాలుగో వంతుకి పడిపోతుందని లెక్క కట్టి చూపించాడు."

"తాడుతోనా?" అన్నాడు మొఆవద్. అప్పటిదాకా అతను విన్నట్టే లేదు.

"తాడు లేదు బాబాయ్."

"తాడు లేకుండా లాగడమేంటి? ముడి ఎక్కడేశాడు?"

"ఆయన్ని అందరూ అదే అడిగారు. అది నాకు తెలీదు, లెక్క మాత్రం సరిపోతోంది అన్నాడు. నిజంగానే సరిపోయింది, ఇప్పటికీ సరిపోతోంది. ఆ తర్వాత రెండొందల ఏళ్లకి మరొకాయన వచ్చి, లాగుడూ లేదు, తాడూ లేదు, బరువైనది ఎక్కడ కూర్చుంటే అక్కడ దాని చుట్టూ ఉన్న చోటే వంగుతుందన్నాడు. పక్కన పోయే చిన్నవి ఆ వంపు పట్టుకుని తిరుగుతాయి. ఆ చోటుకి బదులు ఈ గుడ్డ. మధ్యలో ఇనప గుండు, చుట్టూ గోళీలు."

మొఆవద్ గుడ్డ అంచు వేళ్లతో తడిమాడు. మిగతా సంగతి ఆమె నెమ్మదిగా చెప్పింది. కిందటి తనిఖీలో అధికారి ఆమె గురించి 'సూత్రాలు అప్పజెప్పిస్తుంది, అర్థం చేయించదు' అని రాశాడు. ఈసారీ అదే మాట పడితే ఆమెని తరగతిలోంచి తీసేస్తారు. కింది అంతస్తులో హాజరు కాగితాల మీద ముద్రలు వేసే బల్ల ఒకటి ఖాళీగా ఉంది. అక్కడ కూర్చున్నవాళ్లెవరూ మళ్లీ పైకి వచ్చింది లేదు.

"నాకు పాఠం చెప్పడం ఒక్కటే వచ్చు బాబాయ్" అంది.

"ఎప్పటికి కావాలి?"

"మంగళవారం."

ఆదివారానికి ఎనిమిది మూలల చట్రం తయారైంది. అంచుకి ముప్ఫై రెండు ఇత్తడి రింగులు కుట్టి తాళ్లు కట్టాడు. సోమవారం తరగతిలో బిగించి, నజ్లా మధ్యలో గుండు పెట్టింది. గుడ్డ గిన్నెలా దిగింది. గోళీ వాలుగా వదిలితే గుండు చుట్టూ మూడు చుట్లు తిరిగి దగ్గరికి జారింది. నజ్లా చప్పట్లు కొట్టింది. "ఆ గుంటే బాబాయ్, పాఠమంతా ఆ గుంటలోనే ఉంది" అంది. ఆ మాట గోడకి అవతల నుంచి వచ్చింది. మొఆవద్ కళ్లకి కనిపించింది ఒక్కటే. తను కట్టిన గుడ్డ వేలాడుతోంది.

ఆ సాయంత్రమంతా ఆ గుంట అతని కళ్లముందు నుంచి కదల్లేదు. పై అధికారి వస్తున్నాడు. ఇన్షిరా మాటిచ్చిన పని. వేలాడే గుడ్డ పెడతారా, అదీ అస్తరు లేనిది? ముప్ఫై ఒక్క ఏళ్లుగా చేతులకి తెలిసింది ఒకటే పని. వాటికి పాఠం సంగతి ఎవరూ చెప్పలేదు.

మంగళవారం ఏడింటికే బడికి వెళ్లాడు. ఇన్షిరా భర్త కదా అని కాపలావాడు తలుపు తీశాడు. మొఆవద్ చట్రం కిందకి దూరి, ఎర్ర పువ్వులున్న మందపాటి గుడ్డని నల్ల గుడ్డకి అస్తరుగా కట్టాడు. ప్రతి తాడుకీ పుల్ల పెట్టి మెలితిప్పి బిగించాడు. కింద నుంచి నిమ్మకాయ విసిరాడు. టప్. వెళ్లి తలుపు పక్కన కుర్చీలో కూర్చున్నాడు.

పదింపావుకి తనిఖీ అధికారి షౌకత్ బే వచ్చాడు. బే అంటే అక్కడ అయ్యగారని. లావుపాటి మనిషి, సన్నటి పెన్ను. పైనుంచి చూస్తే నల్ల గుడ్డ నిన్నటిలాగే ఉంది. నజ్లా గ్రీకుల రాయి గురించి చెప్పింది, తాడు లేని లాగుడు గురించి చెప్పింది, "ఇప్పుడు చోటు ఎలా వంగుతుందో చూడండి" అని గుండు తీసి మధ్యలో పెట్టింది.

గుండు బల్ల మీద పెట్టినట్టు కూర్చుంది.

నజ్లా గోళీ వదిలింది. గోళీ తిన్నగా గుండు పక్కనుంచి దొర్లుకుంటూ అవతలి అంచు దాటి కిందపడింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. రెండో గోళీ ఇంకాస్త వాలుగా వదిలింది. అదీ తిన్నగా పోయి షౌకత్ బే బూటు దగ్గర ఆగింది.

"అమ్మా" అన్నాడు ఆయన, "మీ పాఠం ప్రకారం చంద్రుడు ఇప్పుడు నా కాలికింద ఉన్నాడు."

తరగతి మొత్తం పగలబడి నవ్వింది. ఆయన పెన్ను మూత తీశాడు. నజ్లా అరచేత్తో గుడ్డ మధ్యలో నొక్కింది. అది నొక్కుకోలేదు. వంగి కిందకి చూసింది. ఎర్ర పువ్వులు కనిపించాయి.

"బాబాయ్, అస్తరు వేశారా?"

"వేశాను. లేకపోతే వేలాడుతోంది."

ఆమె ముఖంలో రక్తం లేదని మొఆవద్ చూశాడు. తను చేసింది ఏదో తప్పని అర్థమైంది. అర్థమైంది గానీ, ఆ సంగతి ఇంకెవరికో జరిగినట్టుంది. లేచి వచ్చాడు.

"విప్పేస్తాను."

ముందు గుండు తీయాలి. రెండు చేతులతో ఎత్తాడు. మణికట్లు కిందికి దిగాయి. మోచేతుల దాకా లాగింది. నలభై ఏడు రోజులుగా కర్రల మోపులు మోసిన చేతులు అవి. అతను ఆ గుండు వంక చూస్తూ ఉండిపోయాడు.

"బరువుగా ఉంది" అన్నాడు.

"నాలుగు కిలోలు, ఉస్తా" అంది ముందు బల్లలో పిల్ల. మేస్త్రీని అక్కడ అలాగే పిలుస్తారు. "మొన్న నేను ఎనిమిది మీటర్లు విసిరాను."

గుండు ఆ పిల్ల ఒళ్లో పెట్టి చట్రం కిందకి దూరాడు. పుల్లలు ఒక్కొక్కటీ వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. ముప్ఫై రెండు ముడులు. షౌకత్ బే పెన్ను కాగితం మీద గీసుకుంటున్న చప్పుడొక్కటే వినిపిస్తోంది.

అప్పుడు లమ్యా అనే పిల్ల చెయ్యెత్తింది. "మిస్, అస్తరుంటే గుండు దిగలేదు. మరి ఆకాశానికి అస్తరు లేదని మనకెలా తెలుసు?"

పిల్లలు మళ్లీ నవ్వారు. షౌకత్ బే నవ్వలేదు. పెన్ను చప్పుడు ఆగింది.

"చూసి తెలుసుకున్నారు" అంది నజ్లా. "సంపూర్ణ గ్రహణం రోజు సూర్యుడి పక్కనున్న చుక్కల్ని ఫొటో తీశారు. వాటి వెలుగు సూర్యుడి పక్కనుంచి రావాలి. అస్తరు ఉంటే, ఇందాక గోళీ పోయినట్టు, తిన్నగా వచ్చేది. తిన్నగా రాలేదు. ఆ చుక్కలు ఉండాల్సిన చోటు నుంచి కొంచెం జరిగి కనిపించాయి."

"ఎంత జరిగాయి మిస్?"

"వెంట్రుకంత కూడా కాదు. కానీ లెక్క ఎంత చెప్పిందో అంత."

చట్రం కింద నుంచి మొఆవద్ గొంతు వినిపించింది. "అమ్మాయ్, నాకొకటి అర్థం కావట్లేదు."

"అడగండి బాబాయ్."

"గుడ్డ వదులు చేస్తే గుండు కిందికి దిగుద్ది. కిందికే ఎందుకు దిగుద్ది? భూమి లాగబట్టి. లాగుడంటే ఏంటో చెప్పడానికి గుడ్డ తెచ్చావు. ఆ గుడ్డలో పనిచేసేది మళ్లీ ఆ లాగుడేగా?"

షౌకత్ బే వంగి చట్రం కిందకి చూశాడు. చెప్పుల్లేని రెండు పాదాలు తప్ప ఆయనకేమీ కనిపించలేదు.

"దానికేం చెబుతారమ్మా?" అన్నాడు.

"ఆయన చెప్పింది నిజమే సార్" అంది నజ్లా. "ఈ గుడ్డలో ఉన్న అబద్ధం అదే. అసలు చోటులో పైనా కిందా లేవు. అది గుడ్డలా ఒక పలక కూడా కాదు, అన్నివైపులా ఉంటుంది. కాలం కూడా దాంతోపాటే వంగుతుంది. చెయ్యి జారిన గుండు నేల మీద పడటానికి అసలు కారణం ఆ కాలం వంపే. దాన్ని ఏ గుడ్డ మీదా చూపించలేను."

"అబద్ధమని తెలిసీ పిల్లలకి ఎందుకు చూపిస్తున్నారు?"

తాడు లేని లాగుడులోనూ, సొంత ఇంటికి పోయే రాయిలోనూ ఇలాంటి అబద్ధాలే ఉన్నాయని నజ్లాకి తెలుసు. అది ఆ పెన్నుకి సరిపోయేలా ఎలా చెప్పాలో తెలియలేదు. కింది అంతస్తులో ముద్రల బల్ల ఆమె కళ్లముందు కదిలింది.

మొఆవద్ చట్రం కింద నుంచి బయటికొచ్చాడు. విప్పిన అస్తరు రెండు చేతుల నిండా ఉంది.

"బే, చావింటి ముందు మేం పందిరి వేస్తాం" అన్నాడు. "దాన్ని ఇల్లని ఎవరూ అనుకోరు. వచ్చినవాళ్లు కూర్చోవాలి కదా, అందుకని వేస్తాం. మూడు రోజులు కూర్చుంటారు, తర్వాత విప్పేస్తాం."

గొంతులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు. అంగట్లో గుడ్డ కొలత చెబుతున్నట్టు చెప్పాడు.

"విప్పేశాక?" అన్నాడు షౌకత్ బే.

"ఎవరింటికి వాళ్లు పోతారు."

మొఆవద్ అస్తరు మడిచి నేల మీద పెట్టాడు. ముందు బల్లలో పిల్ల గుండు తెచ్చి గుడ్డ మధ్యలో పెట్టింది. గుడ్డ దిగింది. నజ్లా గోళీ వదిలింది. అది గుండు చుట్టూ తిరిగింది, తిరుగుతూ దగ్గరైంది. లమ్యా ఇంకోటి వదిలింది. ఆ తర్వాత షౌకత్ బే తన బూటు దగ్గరున్న గోళీ వంగి తీసుకుని ఆయనే వదిలాడు. అది సరిగ్గా తిరగలేదని మళ్లీ వదిలాడు. నాలుగోసారికి బాగా తిరిగింది. గంట కొట్టారు. పిల్లలెవరూ లేవలేదు, ఆయనా లేవలేదు.

మూడు వారాలకి కాగితం వచ్చింది. నజ్లా దాన్ని దుకాణానికి తెచ్చి పైకి చదివింది. 'ఉపకరణంలో లోపమున్నది. లోపం ఎక్కడున్నదో ఉపాధ్యాయురాలికీ, విద్యార్థినులకూ, పందిరి మేస్త్రీకీ తెలిసియున్నది. ఈమెను బోధనలో కొనసాగించవలెను.'

"నీ పేరు సర్కారు కాగితంలోకి ఎక్కిందిరోయ్!" అని బరకాత్ తొడ చరిచాడు.

"పేరెక్కడ రాశారు? పందిరి మేస్త్రీ అన్నారు" అన్నాడు మొఆవద్. నజ్లా తెచ్చిన తీపి ఒకటి తీసుకుని నమిలాడు. తియ్యగా ఉందా అని బరకాత్ అడిగాడు. మెత్తగా ఉందన్నాడు.

ఆ తర్వాత ఆ కథ వీధిలో పడింది. ఏడు నిమిషాలూ, గాల్లో గుండూ, పావురమూ అన్నీ బరకాత్ కాఫీ దుకాణంలో చేర్చినవే. వాటిని ఒక్కొక్కటీ తీసేసి, మిగిలినది సరిగ్గానే ఉందో లేదో మొఆవద్‌నే అడిగితే పోలా అని వీధిలోవాళ్లు కొందరు ఒకరోజు దుకాణానికి వెళ్లి అడిగారు. అతను సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. ఎక్కించేదాకా తలెత్తలేదు.

"ఏ బడి?" అన్నాడు.

ఆడపిల్లల బడి, మూడో అంతస్తు అని చెప్పారు.

"ఆ బడికి రెండే అంతస్తులు. నేను ఏ తరగతిలోకీ వెళ్లలేదు. నజ్లా అన్న ఆవిడెవరో నాకు తెలీదు. ఆ గుండూ లేదు, ఆ గోళీలూ లేవు. అందులో ఒక్క ముక్కా జరగలేదు. కాఫీ దుకాణంలో మీరంతా కూర్చోవాలి కదా, అందుకని బరకాత్ వేసిన పందిరి అది."